పడుగు అతికిన చేయి

ధర్మవరంలో మా వీధి మగ్గాలన్నిటి మీదా కదిరమ్మత్త చేయి పడింది. అయినా సర్కారు లెక్కలో ఆమెది నేతపనే కాదు.

నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోవస్తే, మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. నాలుగు వేల పైచిలుకు పట్టుపోగులు. అత్త వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క నులుము నులిమేది. ముప్పై ఏళ్లుగా ఇల్లిల్లూ తిరిగి చేసిన పని ఇదే. చేతులు పోగుల మీద, నోరు ఊరందరి కాపురాల మీద. నా పెళ్లిలో పప్పు మాడిందని ఇప్పటికీ దెప్పుతుంది.

రెండేళ్లుగా ఆమె కళ్లు మసకబారాయి. మొగుడు గోవిందప్ప మూటలు మోసి నడుము పోగొట్టుకుని మంచాన పడ్డాడు. చేనేత కార్డుంటే యాభై దాటగానే పింఛను వస్తుంది. అత్తకు యాభై నాలుగు. ఆ ఇంటికి ఆ కార్డు తప్ప వేరే ఆశ లేదు.

కిందటేడు సచివాలయం ఉద్యోగి శశికుమార్ చేనేత కార్డుల సర్వేకు వచ్చాడు. వీధిలో చివరి ఇల్లు మాదే. మాకు రెండు మగ్గాలు. ఒకదాని మీద నా ఫొటో తీసుకున్నాడు. నా భార్య సునంద నేసే రెండోదాని మీద అత్త అప్పుడే కొత్త పడుగు అతికి లేచింది.

"నీ మగ్గం యాడుండాది పెద్దమ్మా?" అన్నాడు.

"ఊర్లో మగ్గాలన్నీ నావే కదప్పా!"

అతను నవ్వి ఫోను చూపించాడు. సొంత మగ్గమా, కూలి మగ్గమా అని రెండే గడులు. పడుగు అతికేవాళ్లకు గడి లేదు. మగ్గానికి ఒక్క ఫొటో, అదీ నేసేవాళ్లు కాళ్లు దించుకునే మగ్గం గుంటలో కూర్చుని ఉండాలి.

"అత్తనే కూసోబెట్టు సార్. నా పేరు మళ్లా రాసుకోవచ్చు" అంది సునంద. శశికుమార్ మంచివాడు, సరేనన్నాడు.

మా వీధిలో ఒక పట్టింపు ఉంది. పడుగు అతికిన రోజు కర్పూరం వెలిగించి ఇంటివాళ్లే గుంటలో దిగాలి. అతికినవాళ్లు దిగితే పోగులు తెగుతాయంటారు. అందరికంటే దాన్ని గట్టిగా పట్టుకున్నది అత్తే.

"ఈ పొద్దు వద్దప్పా. పెండ్లి చీర ఇది. రేపు కూసుంటా."

"రేపు నాకు వేరే వార్డు పెద్దమ్మా. ఈ వీధి ఈ పొద్దుతో సరి."

ఆమె నా వైపు చూసింది. 'ఏం కాదులే అత్తా, కూసో' అంటే చాలు, దిగేది. నేను అనలేదు. చదువుకున్నవాణ్ణి, అదంతా వట్టి భయమని తెలుసు. అయినా పట్టుపడుగు తెగితే ఏం గతి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

సునంద కర్పూరం వెలిగించి గుంటలో దిగింది. ఫొటో తీసుకుని శశికుమార్ వెళ్లిపోయాడు.

తర్వాత అత్తను స్కూటరు మీద ఎక్కించుకుని ఎన్ని ఆఫీసులు తిరిగానో. ఒకచోట సైటు మూసేశారన్నారు. ఇంకోచోట మగ్గం మీద ఫొటో ఏదన్నారు. "ఈమె చేతులు చూడండి సార్" అన్నాను. చేతులు ఎక్కించడానికి గడి లేదన్నాడాయన. ఆయన మీద అరిచాను గానీ, ఏం లాభం?

మొన్న మళ్లీ పడుగు అయిపోయింది. అత్తకు చూపు బొత్తిగా ఆనడం లేదని పక్క వీధి ఈశ్వరిని పిలిచాను. ఆమె అతుకుతుండగా అత్త గోడ పట్టుకుంటూ వచ్చి గడపలో కూర్చుంది. ఈశ్వరి గొంతు విని ఇక పని ఊసే ఎత్తలేదు.

"సునందకు కార్డొచ్చినాదంట. ఏదీ?" అంది.

చేతిలో పెట్టాను. బొటనవేలితో ఆనాటి మగ్గం ఫొటో మీద మెల్లగా తడిమింది.

"దీంట్లో ఉండేది నేను అతికిన పడుగే కదా తిప్పేషా?"

"నువ్వతికిందే అత్తా."

"పోగులేమన్నా తెగినాయా?"

"ఒక్కటీ తెగలేదు."

"చూసినావా, నేను దిగలేదు కాబట్టి!" అని కార్డు తిరిగి ఇచ్చేసింది.