అక్కకు ఎవరూ చెప్పని సంగతి

మా వైపు, మనిషి ఇక దక్కదని తెలిస్తే చుట్టాలు ఖాళీ చేతులతో రారు. ఆ మనిషికి ఇష్టమైనది వండి డబ్బాలో పట్టుకొస్తారు. ఎందుకు తెచ్చారో మాత్రం చెప్పరు.

టౌన్లో కంఠేశ్వర్ దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు మా అక్కను బయట కూర్చోబెట్టి, బావకూ నాకూ విషయం చెప్పాడు. కడుపులో గడ్డ ముదిరిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అక్కావాళ్ల ఊరు ఎడపల్లికి తిరిగివచ్చే ఆటోలో అక్క "ఏమన్నడు?" అని అడిగింది. "అల్సరట. మందులకు తగ్గుతది" అన్నాడు బావ. నేను రోడ్డు పక్కన చెరుకు తోటల వైపు తల తిప్పుకున్నాను.

వారం తిరగకముందే డబ్బాలు మొదలయ్యాయి. చేపల పులుసు, సర్వపిండి, గారెలు. అక్క రెండు ముద్దలు కూడా మింగలేకపోయేది కానీ ముఖం మాత్రం వెలిగిపోయేది.

"పెండ్లైనంక నన్ను గింత మంది అడిగింది లేదు చెల్లె. పానం మంచిగైనంక అందరిండ్లకు నేనే పోత" అంది. నాకు ఆ డబ్బాలన్నీ ఎత్తి పెంటకుప్పలో పారేయాలనిపించింది.

అక్కకు ఒక్కతే బిడ్డ. నచ్చినవాణ్ణి చేసుకుని మోర్తాడ్‌లో కాపురం పెట్టింది. బావ గడప తొక్కనివ్వలేదు. మోర్తాడ్ ఏమన్నా లంకలో ఉందా, పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు చేరొచ్చు. అయినా బావ కోపం చల్లారనీ అంటూ అక్క ఏళ్లు గడిపేసింది. ఇప్పుడూ అదే మాట.

"జర లేసి తిరిగినంక మీ బావను ఒప్పిస్త. తొందరేమున్నది?"

ఆ మాట నన్ను తినేసింది. నాకు ఎవరన్నా భయమే. బావంటే భయం, ఆయన అన్నదమ్ములంటే భయం, ఆఖరికి బస్సు ఆపమని కండక్టరును అడగాలన్నా భయం. యాభై దాటాయి, ఇంకెప్పుడు నోరు విప్పుతావే అని నన్ను నేనే తిట్టుకున్నాను. అక్క బతుకే ఇంత చిన్నదైతే నాది మాత్రం ఎంత పొడుగని?

మర్నాడు బావ పొలానికి పోయినప్పుడు, అక్కకు తల దువ్వుతూ చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు, ఇంకో దారి లేక.

"అక్కా, అది అల్సర్ కాదు. తగ్గేది కాదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. డబ్బాల వైపు చూసి, "మరి గివన్ని గందుకేనా?" అంది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప నేను చేయగలిగింది ఏదీ లేదు.

బావ వచ్చాడు. అక్క ఆయన ముందు ఏనాడూ గొంతెత్తి ఎరగదు. ఆరోజూ ఎత్తలేదు.

"బిడ్డకు ఫోన్ చెయ్యి. నీ కోపం తగ్గేదాంక ఆగుదామనుకున్న. ఇగ నాకు ఆగేతందుకు లేదు" అంది.

బావ నా వైపు చూశాడు. చెప్పింది నేనేనని తెలిసిపోయింది. నేను అక్క పక్కనుంచి లేవలేదు. ఆయన తిట్టలేదు. జేబులోంచి ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. అందులో బిడ్డ నంబర్ లేదు. ఎప్పుడో తీసేశాడు.

నేనే నంబర్ కొట్టి అక్క చెవి దగ్గర పెట్టాను. అవతల గొంతు వినపడగానే బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బిడ్డా, నేను మీ అవ్వను" అంది అక్క. "ఇయ్యాలనే రా. రేపు గీపు అనకు. నాకు భయమైతుంది బిడ్డా, జల్ది రా."