కారం అంటని చేతులు

మిరప కోతల రోజుల్లో మా ఇంట్లో ఒక్కరైనా కారం అంటని చేతులతో ఉండాలి. ఈ రూలు పెట్టింది నేనే. అంతకుముందు ఒక తప్పు జరిగింది, అది చేసిందీ నేనే.

మా అత్తకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. గుంటూరు తీసుకెళ్ళి చూపించాం, కాలు రాలేదు, మాట రాలేదు. అంతకుముందు ఆవిడ కోత ముఠాకు పెద్ద. తెల్లారకముందే కేకలేసి పేటంతా లేపి, ఇరవై మంది ఆడవాళ్ళను ఆటోలో కుక్కి వినుకొండ వైపు పొలాలకు తోలుకుపోయేది. పెళ్ళయిన మూడో రోజునే "గోరింటాకు చూసుకుంటా కూచుంటావా? లెగు!" అని నన్ను కూడా ఆటో ఎక్కించింది. ఆవిడంటే నాకు భయం. ఆవిడ తిట్లంటే మాత్రం సరదా.

ఆవిడ మంచాన పడ్డ ఏడాది నేను పొద్దున కోతకు వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి ఒళ్ళు తుడుద్దామనుకున్నాను. మొదటి రోజు సబ్బుతో రెండుసార్లు, మజ్జిగతో ఒకసారి చేతులు కడిగాను. రోజూ కోసేవాళ్ళకు మంట అలవాటైపోయి, తమ చేతికి ఇంకా కారం ఉందో లేదో తెలియదు. ఆ సంగతి నాకు తట్టలేదు. మొహం తుడిచాను, బట్ట మార్చాను, కింద శుభ్రం చేశాను. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎడమ చేత్తో మంచం పట్టీని బాదుతోంది.

"ఎందుకత్తా ఊరికే ఏడుపు? నేను లేనా?" అని కసిరాను.

ఇంకో అరగంట అట్లాగే పోయింది. ఆ తర్వాత పక్కింటావిడ వస్తే ఆమె చంకలో పిల్లను ఎత్తుకోబోయాను. "అమ్మో! కోత నుంచొచ్చావుగా, పిల్లని ముట్టుకోమాక!" అని వెనక్కి జరిగింది. అత్త ఏడుపెందుకో అప్పుడు తెలిసింది. చన్నీళ్ళు, కొబ్బరినూనె పట్టుకుని అత్త దగ్గరికి పరిగెత్తాను. నోరున్నప్పుడు ఊరంతా వినపడేలా తిట్టే మనిషి, ఆ అరగంట ఒక్క మాట అనలేకపోయింది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాటి నుంచి కోత మానేశాను. రెండేళ్ళు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. జావ ఒక చెంచా పోసి, గొంతు కదిలాక ఇంకో చెంచా పొయ్యాలి. ఉతకాలి, ఆరెయ్యాలి, మళ్ళీ ఉతకాలి. విసుగొచ్చేది. కొన్ని రోజులు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయేది కూడా, దాచుకోవడమెందుకు? పొద్దున్నే ఆటో మా ఇంటి ముందు ఆగితే "మహారాణీ, నీ నీడపట్టు మాక్కూడా కాస్త పెట్టవే!" అని అరిచేవాళ్ళు. గిన్నె అక్కడే పడేసి ఆ ఆటో ఎక్కుదామనిపించేది. ఎండలో పడి కాయ కోయడం నాకు సుఖంగా కనిపించిన రోజులవి.

మూడో ఏడు కోతలకు ముందు ఆరోగ్య కార్యకర్త వివరాలు రాసుకోవడానికి వచ్చింది. నేనేం పని చేస్తానని అడిగింది. నేను పెరట్లోంచి అత్త బట్టల బకెట్టుతో వస్తున్నాను. మా ఆయన చెప్పాడు: "ఖాళీయేనండి. ఇంట్లోనే ఉంటది."

బకెట్టు ఎత్తి కింద పెట్టాను, కాస్త గట్టిగానే.

"ఏవయ్యా, ఈసారి ఆ ఖాళీ నువ్వుండు. నేను కోతకు పోతా."

"అమ్మకి నేనెట్టా చేస్తానే? ఆడమనిషి. జనం నవ్వరూ?"

"నవ్వనీ. నిన్ను కన్నప్పుడు, మగోడివని చెప్పి కడగటం మానేసిందా ఆమె?"

పాపం ఆ అమ్మాయి తల వంచుకుని ఫోను గీకుతోంది. నేను అత్త వైపు చూశాను. కొడుకు చేత కడిగించుకోవడం ఏ తల్లికి బాగుంటుంది? ఆవిడ వద్దంటే నేనింక నోరెత్తలేను. చాలాసేపు గోడకేసి చూసింది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి, గుమ్మం వైపు ఒక్క విసురు విసిరింది. మిరప సాలులో వెనకబడ్డవాళ్ళను ఆవిడ అట్లాగే అదిలించేది. పో, నడువు, అని దాని అర్థం.

వారం రోజులు మా ఆయనకు నేర్పాను. మొదటి రోజు కళ్ళు గట్టిగా మూసుకుని తుడిచాడు. "పుండు పడితే ఎట్టా కనపడిద్ది? తెరువు" అన్నాను. తెరిచాడు.

కోతకు వెళ్ళిన రోజు రెండేళ్ళ నవ్వు ఒక్కసారే నవ్వాను. మొగుణ్ణి మంచం దగ్గర కూర్చోబెట్టి వచ్చానని ముఠావాళ్ళు ఆడిపోసుకుంటుంటే ఇంకా నవ్వాను. మధ్యమధ్యలో తిప్పాడో లేదోనని ప్రాణం ఇంటికేసి లాగేది.

సాయంత్రం గుమ్మంలో నిలబడి చూశాను. అత్త తల దువ్వి ఉంది, పాపిడి వంకరగా. ఆయన జావ పోస్తూ, ఆవిడ గొంతు కదిలేదాకా ఆగుతున్నాడు. నన్ను చూసి ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ముట్టుకోకూడదత్తా. కోత నుంచొచ్చా."

ఎందుకో ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా నా చేతులు పనికిరావు. ఆయన లేచి, వేరే గుడ్డ తడిపి పిండుకొచ్చి నా మొహం తుడిచాడు. ఆ ఇంట్లో నన్ను ఇంకొకరు తుడవడం అదే మొదలు.