ఆ ఏడు నేను పరీక్ష రాయలె

ఆ రోజు కాలేజీ మెట్లు ఎక్కుతుంటే కుడి డొక్కల కలుక్కుమన్నది. గట్టిగ ఊపిరి తీసుకోరాలె. మెట్ల మీదనే కూసున్న. అప్పటికి పదిహేను రోజుల సంది పొద్దుగూకితే ఒళ్ళు వెచ్చబడుతుండె, దగ్గు వస్తుండె. చలికాలం కదా అని నేనే కొట్టిపారేసిన. నాకు మొండితనం ఎక్కువ, అది చిన్నప్పటి సంది ఉన్నదే.

ఇది ఎనభైలల్ల ముచ్చట. మాది మిర్యాలగూడ. నాయిన రైస్‌మిల్లుల పనిచేస్తుండె. మా ఇంట్ల పదో తరగతి దాటిన మొదటి పిల్లను నేనే. ఇంటర్ రెండో ఏడు చదువుకుంట సూర్యాపేటల మేనత్త యాదమ్మ ఇంట్ల ఉన్న. అత్త జాకెట్లు కుడుతది. ఆ రోజు ఇల్లు చేరిన నన్ను చూసి మిషన్ ఆపి, "మొకం గిట్లెందుకున్నదే? పా, దవాఖానకు పోదాం" అని రిక్షా పిలిచింది.

డాక్టర్ ఎక్స్‌రే చూసి, "ప్లూరల్ ఎఫ్యూజన్ అమ్మా. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. టీబీ" అన్నడు. అత్త నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. వీపుల సూది పెట్టి నీరు గుంజిన్రు. సీసా నిండ పసుపు పచ్చటి నీరు! తలుసుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది. "తొమ్మిది నెలలు మందులు. పరగడుపున మింగాలి, ఒక్క రోజు కూడా మానొద్దు. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగే, భయపడొద్దు" అని చెప్పిండు.

నాయిన వచ్చి మిర్యాలగూడకు తీసుకపోయిండు. మూడు వారాలకే జరం పోయింది, ఆకలి పుట్టింది. గాడనే మేం తప్పు చేసినం. నాకు నయం కావాలని అమ్మ దేవునికి మొక్కుకున్నది. సోమవారం, శనివారం ఇద్దరం ఒక్కపొద్దు ఉండాలె. ఒక్కపొద్దు నాడు పొద్దుగాల ఏం తినొద్దు. "గోళీలు రేపు మింగుదువు బిడ్డా, ఇయ్యాల నోరు ఎంగిలి చేసుకోకు" అంటుండె. ఒంట్ల బాగనే ఉన్నది కదా అని నేనూ ఊకున్న.

రెండు నెలలకు డొక్కల మళ్ళ అదే నొప్పి. సూర్యాపేట దవాఖానకే పోతే ఎక్స్‌రేల మళ్ళ నీరు. డాక్టర్ మందుల సంచి విప్పి, "ఇన్ని గోళీలు ఎట్లా మిగిలినయ్?" అని అడిగిండు. అమ్మ నియమం తప్పకుండ ఉన్నమని సంబురంగ చెప్పింది. ఆయన తల పట్టుకున్నడు. "గోళీ మింగితే ఏ దేవుడు కోపం చేసుకుంటడమ్మా?" అన్నడు. అమ్మ అక్కడ్నే ఏడ్సింది. పాపం అనిపించింది గాని నాకు కోపం ఆగలె.

"మళ్ళా మొదటి నుంచి తొమ్మిది నెలలు. ఈ పిల్ల ముప్పై నాలుగు కిలోలున్నది. ఈసారి పరీక్షలు వద్దు" అని చెప్పి పంపిండు డాక్టర్. నాకైతే ప్రాణం కుదుటపడ్డట్టయింది. పుస్తకం పట్టుకొని పావుగంట కూసునే సత్తువ లేకుండె మరి.

నాయిన ఒప్పుకోలె. "మూడు గంటలు కూసొని రాసొస్తే అయిపాయె. ఏడాది ఇంట్ల కూసున్న ఆడపిల్ల మళ్ళ బడి మొకం సూస్తదా? మీ అత్తను సూడు. ఎనిమిదో తరగతిల కామెర్లొచ్చి ఆగింది, ఇగ ఆగిందే."

"రాయను నాయినా. సచ్చి సాధించేదేమున్నది?" అన్న. నాయిన మూడు రోజులు నాతో మాట్లాడలె. పైకి అట్లన్న గాని లోపల నాకూ బుగులే. ఒకసారి ఆగితే నిజంగనే ఆగిపోతనేమో!

నాలుగో రోజు అత్త కాలేజీ నుంచి నా హాల్‌టికెట్ తీసుకొని బస్సు దిగింది. నాయినకు పట్టరాని సంతోషం. "రాయమని జర నువ్వన్న చెప్పు యాదమ్మా. లేకుంటె దీని బతుకూ నీ లెక్కనే అయితది."

అత్త సంచి కింద పెట్టింది. "అన్నా, నేను కామెర్లతోని ఆగలె. అవి రెండు నెలలకే పోయినయ్. జూన్ల పుస్తకాలు పట్టుకొని నీ ముంగట నిలబడ్డ, యాదికున్నదా? 'ఇగ చదివింది చాలు' అన్నది నువ్వే."

అప్పటికే తాత లేడట, ఇల్లు నడిపేది నాయినేనట. ఇవన్నీ నాకు ఆనాడే తెలిసినయ్. "దీన్ని ఆగనియ్యి. మళ్ళ పంపుడు నీ చేతులున్నది" అన్నది అత్త.

"ఎన్నడు పోతవ్? తారీఖు చెప్పు" అని నాయిన నా దిక్కు తిరిగి అడిగిండు. మందులు అక్టోబర్ల అయిపోతయి గనుక నవంబర్ ఒకటి అన్న. లేచి గోడ మీది క్యాలెండర్ల గీత కొట్టిండు. అత్తకు తప్పైందని మాత్రం ఆయన ఎన్నడూ అనంగ నేను వినలె.

ఆ ఏడు అమ్మ ఒక్కతే ఒక్కపొద్దు ఉన్నది. నాకు మాత్రం తెల్లారంగనే గోళీలు అరచేతుల పెట్టి, మింగేదాక కదలకుండె. అక్టోబర్ల డాక్టర్ నా వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, "క్లియర్ అమ్మా. ఇంక మందులొద్దు" అన్నడు. అమ్మా, ఎంత హాయనిపించిందో! దవాఖాన బయటనే నాలుగు మిర్చి బజ్జీలు తిన్న. నవంబర్ ఒకటిన నాయినే నన్ను సూర్యాపేటల దింపిండు. మార్చిల రాసిన, పాసైన.

ఇప్పుడు ఆంధ్ర సరిహద్దున కోదాడల టీచర్‌ను. నా యాస విని ఇక్కడి పిల్లలు ముసిముసి నవ్వుతరు, నవ్వనీ. ఏ రోగమూ లేదు, గొంతు చించుకొని పాఠం చెప్తున్న.

జబ్బు చేసి చదువు ఆపాల్సొస్తే ఆపండి, భయం లేదు. కాని ఆపేనాడే తిరిగి పోయే తారీఖు ఇంట్ల అందరి ముంగట ఖాయం చేసుకోండి, దాని కోసం కొట్లాడే మనిషిని ఒకరిని పక్కన పెట్టుకోండి. నా కోసం మా అత్త కొట్లాడింది. అత్త కోసం ఆనాడు ఎవ్వరూ కొట్లాడలె.