చెయ్యి పట్టుకోకుండా నేర్పిన ఆట

టెన్నిస్ సార్ పోయినారని జమ్మలమడుగు నుంచి ఫోనొస్తే నేను నమ్మలేదు. ఫోన్లో ఎవరేం చెప్పినా నమ్మను, అది నా గుణం. మిషన్ మీద జాకెట్టు అట్లే వదిలేసి ఆయన ఇంటికే ఫోన్ చేసినా. ఆయన భార్య ఏడుస్తా, "నిజమేమ్మా, గుండెనొప్పి వచ్చింది" అనింది.

మాది ప్రొద్దుటూరు. బట్టలు కుట్టి బతికేదాన్ని. నా బిడ్డకు టెన్నిస్ ఆడడమే ఉద్యోగం. ఆమె పేరు మీరు విని ఉండరు, టీవీలో చూపించే ర్యాంకు కాదు ఆమెది. పెద్ద పోటీలోకి పోవాలంటే ముందు క్వాలిఫయింగ్ మ్యాచులు ఆడాల, ఒకటి గెలవాల, రెండోది ఓడిపోయి మళ్లీ రైలెక్కాల. అయినా అది ఆమె కోరుకున్న బతుకు. దాన్ని ఇచ్చింది సారే.

పాప చిన్నప్పుడు, బడిపిల్లల ఆటలపోటీల్లో ఆమె పరుగు చూసి, "జమ్మలమడుగుకు పంపించమ్మా, టెన్నిస్ నేర్పిస్తా" అన్నారు. ఆయన పనిచేసే బడిలో ఒక మట్టి కోర్టు ఉండేది. పులివెందులలో ఉండే మా ఆడబిడ్డ వింటానే అనింది, "మొగోడు ఊరికే నేర్పిస్తాననడమేంది వదినా? ఏందో ఉంటాది, చూసుకో." నాకూ అదే అనిపించింది. పాప వెంట నేనూ బస్సెక్కినా. ఆట ఎవురు చూసినారు, ఆయన చేతులనే చూస్తా నిలబడినా.

ఆయన కనిపెట్టినారు. మరుసటి రోజు కోర్టు పక్కనే కుర్చీ వేసి పెట్టినారు. "కూచోమ్మా. నువ్వొచ్చిన రోజే ఆట. నువ్వు రాలేని రోజు పాపను పంపొద్దు." దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఇంత మంచోడు ఉంటాడా, నాటకమాడతాండాడా అనుకున్నా.

బ్యాటు పట్టు సరిచేయాలంటే ఎవురైనా పిల్ల చెయ్యి పట్టుకొని తిప్పుతారు. ఆయన పట్టుకోలేదు. నన్ను లేపి, బ్యాటు నాకిచ్చి, దూరంగా నిలబడి చూపించినారు. "బొటనవేలు ఈడ, చూపుడువేలు ఆడ. నీకొచ్చింది గదా, పోయి పాపకు తిప్పు." కొంగు నడుముకు దోపుకొని నేనే పోయి పాప మణికట్టు తిప్పేదాన్ని. ఒక్క బంతి కొట్టడం రాకపోయినా బ్యాక్‌హ్యాండు ఎట్లా పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలుసు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసినా. "సార్, నేను అనుమానపడతాండానని మీకు బాధ లేదా?"

"అనుమానం ఉంటే దగ్గరికొచ్చి కూచోవాలమ్మా, నువ్వు చేస్తాండేది అదే" అన్నారు. మళ్లీ, "నాకొక చెల్లెలుండేది. పాటలు నేర్చుకునేదానికి ఒక మాస్టరు దగ్గరికి పంపిస్తిమి. మేమెవ్వరం వెంట పోలేదు. ఆ తర్వాత ఆ పిల్ల పాడనే లేదు" అన్నారు.

చిన్న మ్యాచుల్లో బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అని ఆడేవాళ్లే చెప్పుకోవాల. తెలియకపోతే ఆ పాయింటు ఎదుటిమనిషికే ఇచ్చెయ్యమని సార్ నేర్పినారు. పాప అట్లే ఇచ్చేసేది, నాకు కడుపు మండిపోయేది. "ఇట్లయితే యాడ గెలుస్తాది సార్?" అని కోప్పడితే, "బంతి మీద అనుమానమొస్తే ఇచ్చెయ్యాల. బిడ్డ విషయంలో అనుమానమొస్తే మాత్రం ఎదుటిమనిషికి ఇయ్యకూడదు" అన్నారు.

పాప పెద్దదైనాక బెంగళూరులో ఒక అకాడమీ వాళ్లు రమ్మన్నారు. ఆడ చేరితే ర్యాంకు పైకి పోతాదని అందరూ చెప్పినారు. సార్ ఒక్కటే అడిగినారు, "తల్లిని లోపల కూచోనిస్తారంటనా?" నేను పోయి అడిగితే గేటు బయటే ఉండాలన్నారు. శిష్యురాలు చెయ్యి జారిపోతాదని సార్ కుళ్లుకుంటాండాడేమోనని ఆయన మీద కూడా అనుమానం వచ్చింది నాకు. అయినా పాపను వెనక్కి పిలుచుకొచ్చినా. "నీ అనుమానం నా ఆటను మింగేసింది మా" అని పాప శానా దినాలు నాతో మాట్లాడలేదు. ఆ అకాడమీలో చెడు ఉండిందని నేను చెప్పను, నాకు తెలియదు. చేర్చింటే ఈ పొద్దు ఆమె టీవీలో కనిపించేదేమో. ఆ మాట తలుచుకుంటే గుండె కలుక్కుమంటాది. సిగ్గు మాత్రం పడను.

పాప టోర్నమెంటు మధ్యలోనే వదిలేసి జమ్మలమడుగుకు వచ్చింది. చర్చి ముందర పెట్టెలో సార్‌ను పడుకోబెట్టినారు. పాప ఎక్కెక్కిపడి ఏడుస్తాంటే నా పక్కనున్న ఒకామె మెల్లిగా అడిగింది, "ఎవురా పిల్ల? సార్‌కు ఏమైతాది?"

ఆ అడిగే తీరు నాకు బాగా తెలుసు. నా గొంతూ అట్లాంటిదే.

"నా బిడ్డ. ఇన్నేళ్లు సార్ ఆట నేర్పించినారు, ఒక్కసారి కూడా చెయ్యి ముట్టుకోలేదు. నేను కూచోని చూసినా" అన్నాను.

మూత వేసే ముందు పాప వంగి, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకునింది. ఇన్నేళ్లు ఆ చేతులనే చూస్తా కూచున్న నేను, అప్పుడు మొకం పక్కకు తిప్పుకున్నా.