కలమజూ దాటిన తర్వాత

పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళకు పైగా మా కాపురం నైంటీఫోర్ హైవే మీదే జరిగింది. నేను డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా ఆయన షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో. మధ్యలో ఐదారు గంటల హైవే. అటు వెళ్తే గడియారం కూడా గంట వెనక్కి వెళ్ళేది. నాది రాజమండ్రి, తనది వరంగల్. ఎమ్మెస్ చదివేటప్పుడు ఒకే యూనివర్సిటీలో పరిచయం. ఎవరో ఒకరు ఉద్యోగం మారొచ్చు కదా అని అందరూ అడిగేవారు. అంత తేలికైతే మారే ఉండేవాళ్ళం. నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది, ఆ కంపెనీ వదిలితే మళ్ళీ మొదటికి రావాలి. తను అప్పుడే కొత్త ప్రాజెక్ట్‌లో చేరాడు, రోజూ ఆఫీస్‌కి రావాల్సిందేనన్నారు.

అందుకని ఒక వారం నేను వెళ్ళేదాన్ని, ఒక వారం తను వచ్చేవాడు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరడం, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. రెండు అద్దె ఇళ్ళు, రెండింటిలోనూ సగం సగం సామాను. కుక్కర్ షామ్‌బర్గ్‌లో ఉంటే దాని విజిల్ నా హ్యాండ్‌బ్యాగ్‌లో తేలేది. మిగతా నాలుగు రోజులూ ఫోన్. ఫోన్‌లో మాటలన్నీ వస్తాయి. వంట చేస్తుంటే మనిషి వెనకాల వచ్చి ఊరికే నిలబడటం రాదు. తనకి ఏమీ తోచనప్పుడు బల్ల మీద వేళ్ళతో దరువు వేసే అలవాటు ఉంది. దగ్గరున్నప్పుడు విసుక్కునేదాన్ని. బుధవారం వచ్చేసరికి ఆ దరువు కోసం ప్రాణం కొట్టుకునేది.

ఆ జనవరిలో వరసగా కొన్ని వారాలు కలవడం కుదరలేదు. మొదట తన ప్రాజెక్ట్ రిలీజ్, శనివారాలు కూడా పని. ఆ తర్వాత నాకు ఫ్లూ. జ్వరం తగ్గాక వచ్చిన మొదటి శుక్రవారం నా వంతు. తెల్లవారకముందే లేచి చేపల పులుసు పెట్టాను. బంగ్లాదేశీ కొట్లో దొరికిన శీలావతి ముక్కలు, కొంచెం బెల్లం ముక్క, చివర్లో మెంతిపొడి. పులుసు మర్నాటికే రుచి అని మా అమ్మమ్మ మాట. వెళ్ళేసరికి ఊరుతుంది కదా అని స్టీల్ డబ్బాలో పోసి, మూత చుట్టూ గుడ్డ కట్టి, వెనక సీటు కింద పెట్టాను.

తను పొద్దున్నే ఫోన్ చేసి ఈ వారం వద్దన్నాడు. సరస్సు పక్కనంతా మంచు హెచ్చరిక ఉందట. వచ్చే వారం తనే వస్తానన్నాడు. చూపించినంత ఎప్పుడూ పడదని, నెమ్మదిగా వస్తానని నేనన్నాను. తనకీ నేను రావాలనే ఉందని రెండోసారి వద్దనకపోవడంతోనే తెలిసిపోయింది. చివరికి, దారిలో జాక్సన్ ఊరు దాటాక ఒకసారి, కలమజూ దాటాక ఒకసారి ఫోన్ చెయ్యమన్నాడు.

కలమజూ దాకా రోడ్డు పొడిగా, నల్లగా ఉంది. ఎండ కూడా కాసింది. చేస్తానన్న రెండు ఫోన్లూ చేశాను. ఆ తర్వాతే ఉంది అసలు సంగతి. మిషిగన్ సరస్సు మీదినుంచి వచ్చే గాలి మంచును మోసుకొచ్చి మా రాష్ట్రం పడమటి కొస మీదే కుమ్మరిస్తుంది. వెనక ఎండ ఉండగానే ముందు తెల్లటి గోడ కనిపిస్తుంది. అందులోకి వెళ్తే గానీ అది ఎంత దట్టమో తెలియదు. పాపా అనే చిన్న ఊరి ఎగ్జిట్ దాటేసరికి నాకు ముందు కారు వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. స్పీడ్ సగానికి తగ్గించాను. వైపర్లకు మంచు గడ్డకట్టి అద్దం మీద టకటక కొట్టుకుంటోంది. ఇంకో రెండు గంటలు, మహా అయితే మూడు అనుకుంటూ పోతున్నాను.

ఒక బ్రిడ్జి వచ్చింది. కింద వాగుందో రైలు పట్టాలున్నాయో చూడలేదు. బ్రిడ్జి ఎక్కగానే టైర్ల చప్పుడు ఆగిపోయింది. నాకు మొదట తెలిసింది అదే, చప్పుడు లేకపోవడం. ఆ వెంటనే స్టీరింగ్ తేలికైపోయింది. చక్రం నా చేతుల్లోనే ఉంది గానీ కారు నా చేతుల్లో లేదు. బ్రేక్ తొక్కకూడదని తెలుసు కాబట్టి తొక్కలేదు, కాలు తీసేశాను. కారు వెనక భాగం, తొందరేమీ లేనట్టు, నెమ్మదిగా పక్కకి తిరగడం మొదలుపెట్టింది.

నా ఉద్యోగమే అది. కారు జారినప్పుడు దాన్ని నిలబెట్టే సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేస్తాను. పైన ఉత్తరాన గడ్డకట్టిన చెరువు మీద మా వాళ్ళు కార్లను కావాలని జారిస్తే, ఆ జారుడు నా స్క్రీన్ మీద ఒక గీతగా వస్తుంది. గీత వంకర పోతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. సీట్లో కూర్చున్నప్పుడు గీతేమీ లేదు. రైలింగ్ తిరిగింది, చెట్లు తిరిగాయి, తర్వాత నేను వచ్చిన దారే నాకు ఎదురుగా వచ్చింది. దాని మీద ఒక లారీ దీపాలు. డాష్‌బోర్డ్ మీద ఆ సాఫ్ట్‌వేర్ తాలూకు పసుపు లైటు మిణుకుమిణుకుమంటూ దాని ప్రయత్నం అది చేస్తోంది.

అలాంటప్పుడు దేవుడో, అమ్మో గుర్తొస్తారంటారు. నాకు ఎవరూ గుర్తురాలేదు. 'ఈ వారం కూడా కలవలేం' అనుకున్నాను. అంతే.

లారీ పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. అది లేపిన మంచు అద్దాన్ని కప్పేసింది. నా కారు వెనక్కి వెనక్కి జారి, బ్రిడ్జి దిగి, రోడ్డు అంచు దాటి, పక్కనున్న పల్లంలోకి దిగి ఆగింది. గట్టిగా గుద్దుకోలేదు. మంచు గుట్ట దాన్ని పట్టుకుంది. కింద ఏదో విరిగిన చప్పుడు మాత్రం వినబడింది. నా పక్క తలుపు సగం దాకా మంచులో కూరుకుపోయింది. వైపర్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఎక్కడినుంచో చింతపండు, మెంతిపొడి వాసన. డబ్బా పడిపోయి పులుసు సీటు కిందకు కారుతోంది. దెబ్బలు తగిలాయేమో చూసుకోకుండా ముందు వెనక్కి వంగి డబ్బా నిలబెట్టాను.

తర్వాత తనకి ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నా ఒక్క రింగ్‌కే తీశాడు.

"కారు జారింది," అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది.

"నువ్వెట్లున్నవ్? ముందు అది చెప్పు."

"బాగానే ఉన్నాను. పల్లంలో ఉన్నాను. పులుసు ఒలికిపోయింది."

అక్కడిదాకా బాగానే మాట్లాడినదాన్ని, పులుసు మాట దగ్గర ఏడుపొచ్చేసింది. తను ఆగమనలేదు, ఊరుకోమనలేదు. నేను ఏడవడం అయ్యేదాకా లైన్‌లో ఉన్నాడు. తర్వాత కారు దిగొద్దని, బెల్టు తియ్యొద్దని, నైన్ వన్ వన్‌కి ఫోన్ చెయ్యమని ఒక్కొక్కటే చెప్పాడు. చెబుతుంటే వెనకాల తలుపు మూసిన చప్పుడు, మెట్లు దిగుతున్న చప్పుడు. ఎక్కడికని అడిగాను.

"వస్తున్న," అన్నాడు. ఈ రోడ్ల మీద నువ్వు కూడా ఎందుకని నేను ఎంత చెప్పినా ఆ ఒక్క మాటే అన్నాడు.

పోలీసు కంటే ముందు నా కోసం ఆగినది ఒక పెద్దావిడ. పికప్ ట్రక్ రోడ్డు పక్కన ఆపి, మోకాళ్ళ లోతు మంచులో దిగొచ్చి అవతలి పక్క అద్దం మీద తట్టింది. స్కూల్ బస్ నడుపుతుందట, పని ముగించుకుని ఇంటికి పోతోందట. నన్ను చెయ్యిపట్టి లాగి తన ట్రక్‌లో హీటర్ ముందు కూర్చోబెట్టింది. ఎక్కడికి వెళ్తున్నానని అడిగితే చెప్పాను. మొగుడు ఒక రాష్ట్రంలో, పెళ్ళాం ఒక రాష్ట్రంలోనా అని ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఎన్నాళ్ళిలా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. ఆవిడ తల ఊపి, ఫ్లాస్క్ మూతలో కాఫీ పోసి ఇచ్చింది. చక్కెర లేని ఆ చేదు కాఫీ అంత బాగుంటుందని నాకు తెలియదు.

పోలీసు వచ్చి వివరాలు రాసుకుని వెళ్ళాడు. కారును లాగే బండి చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ పూట నాలాంటివాళ్ళు దారి పొడుగునా ఉన్నారు. ముందు చక్రం దగ్గర ఇరుసు వంగిందని, ఇక నడవదని చెప్పి కారును యార్డ్‌కి తీసుకుపోయారు. నేను బ్యాగ్, పులుసు డబ్బా మాత్రం తీసుకున్నాను. పెద్దావిడే నన్ను ఎగ్జిట్ దగ్గరున్న మోటెల్‌లో దింపింది.

చీకటి పడ్డాక తను ఫోన్ చేశాడు. ఇండియానాలోనే, మిషిగన్ సరిహద్దు దాటకముందే ఆగిపోయాడట. ముందెక్కడో కార్లు ఒకదానికొకటి గుద్దుకున్నాయని హైవే మూసేశారు. పక్కదార్లలో పోదామంటే అవీ మూసే ఉన్నాయి. తనూ ఒక మోటెల్‌లో గది తీసుకున్నాడు. మామూలు రోజైతే మా మధ్య గంట ప్రయాణం.

గంట దూరం అని తెలియడం ఐదు గంటల దూరం కంటే కష్టంగా ఉంది. ఐదు గంటల దూరానికి అలవాటు పడిపోయాం. ఇది అలా కాదు, చెయ్యి చాస్తే అందేలా ఉంది. కిటికీ దగ్గర నిలబడి తనవైపు ఏ దిక్కో చూసుకున్నాను. పార్కింగ్ దీపం కింద మంచు అడ్డంగా పడుతోంది. అక్కడ కూడా పడుతోందా అని అడిగితే, ఆగిందని చెప్పాడు. ఏం తిన్నావంటే మెషీన్‌లో చిప్స్ అన్నాడు. నా భుజం మీద బెల్టు ఒరుసుకున్న చోట కమిలిందని చెప్పాను. ఎంత మేర, ఏ రంగులో ఉందని అడిగి చెప్పించుకున్నాడు. మాటలు అయిపోయాయి. పడుకోమన్నాడు.

"ఫోన్ పెట్టకు," అన్నాను. "మాట్లాడక్కర్లేదు."

"సరే, పెట్టను."

ఫోన్‌ను చార్జర్‌కి పెట్టి దిండు పక్కన ఉంచుకున్నాను. అక్కడ తన గదిలో టీవీ సన్నగా మోగుతోంది. తను దగ్గాడు, నీళ్ళు తాగాడు. కాసేపటికి మంచం పక్క బల్ల మీద కాబోలు, వేళ్ళతో దరువు మొదలుపెట్టాడు. వింటూ నిద్రపోయాను.

పొద్దున్న లేచేసరికి కళ్ళు చెదిరే ఎండ. మోటెల్ ముందు నిలబడి ఉంటే తన కారు వచ్చింది, దాని ముందు భాగమంతా ఉప్పు పట్టి తెల్లగా ఉంది. దిగి, నా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, కొనబోయే వస్తువును చూసినట్టు. కమిలిన భుజం మీద చెయ్యి వేయబోయి, నొప్పి పెడుతుందేమోనని రెండో భుజం మీద వేశాడు. అలాగే నిలబడిపోయాం. ఇద్దరికీ చలి వేస్తోంది, ఇద్దరమూ లోపలికి పోదామనలేదు.

డబ్బాలో మిగిలిన పులుసును లాబీలో ఉన్న మైక్రోవేవ్‌లో వేడి చేశాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ముక్కు చిట్లించి, మర్యాదకి నవ్వింది. రెండు ముక్కలే మిగిలాయి. తను బ్రెడ్‌తో తిన్నాడు, ముల్లు ముల్లూ చప్పరించి. మంచిగ ఊరిందన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో నేను అడగలేదు.

యార్డ్‌కి వెళ్ళి కారు సంగతి చూసుకుని హైవే వైపు వచ్చాం. సిగ్నల్ దగ్గర రెండు బోర్డులు, తూర్పుకి డెట్రాయిట్, పడమరకి షికాగో.

"ఎటు పోదాం?" అన్నాడు.

"ఇంటికి."

"ఏ ఇంటికి?"

తను ఆటపట్టించడానికి అడగలేదు. నిజంగానే అడిగాడు. ఇన్నాళ్ళూ మేము 'మీ ఇల్లు', 'నా ఇల్లు' అనే అనుకున్నాం. ఇద్దరిలో ఎవరమూ 'మన ఇల్లు' అనలేదని నాకు అప్పుడు తెలిసింది. పచ్చలైట్ వచ్చింది. వెనక కారువాడు చిన్నగా హారన్ కొట్టాడు. దగ్గర కదా అని షామ్‌బర్గ్ వైపే తిప్పాడు. ఆ దారంతా ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడిచెయ్యి నా ఒళ్ళో పెట్టి నడిపాడు. రెండు చేతులతో నడపమని నేను చెప్పాలి. చెప్పలేదు. ఆదివారం నన్ను ఫార్మింగ్టన్ హిల్స్‌లో దింపి, ఆ రాత్రికి ఉండి, సోమవారం తెల్లవారకముందే ఒక్కడే వెళ్ళిపోయాడు. తను వెళ్ళాక వాకిట్లో రెండు టైర్ల గీతలు, మధ్యలో కారు నిలబడిన చోట మంచు లేని నల్లటి చదరం. అది మంచుతో నిండేదాకా కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.

ఆ తర్వాత ఇంకో చలికాలం కూడా అలాగే గడిచింది. పైయేడు వేసవిలో తన ప్రాజెక్ట్ ముగిసింది. డెట్రాయిట్ దగ్గర ఇంకో ఉద్యోగం దొరికింది, ఎక్కువ భాగం ఇంటినుంచే పని. ఒక అద్దె ట్రక్‌లో సామానంతా వేసుకుని వచ్చేశాడు. కొత్తలో కొన్ని నెలలు ఇద్దరమూ ఒకే ఇంట్లో ఉంటున్నామన్న సంగతే పండగలా ఉండేది. తర్వాత అది మామూలైపోయింది. అలా మామూలవడం కోసమే కదా అంత దేవులాడింది.

ఇప్పుడు తనకి ఒక గది, నాకు ఒక గది. పగలంతా ఇద్దరమూ తలుపులు దగ్గరగా వేసుకుని మీటింగ్‌లలో ఉంటాం. ఎదురుపడేది భోజనాల దగ్గరే, అప్పుడు కూడా ఫోన్లు పక్కనే. పోట్లాటలేమీ లేవు. సుఖంగానే ఉన్నాం. కానీ శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి నాకు ఎక్కడికో బయల్దేరాలనిపిస్తుంది. పడమర వైపు ఎవరో నా కోసం దారి చూస్తున్నట్టు, ఎక్కడున్నానో తెలియక కంగారు పడుతున్నట్టు ఉంటుంది. లేచి ఇల్లంతా తిరుగుతాను. వంటింట్లోకి వెళ్ళి ఏం కావాలో మర్చిపోయి వస్తాను.

పోయిన శుక్రవారం బయట సన్నగా మంచు మొదలైంది. ల్యాప్‌టాప్ మూసి తన గది దగ్గరకు వెళ్ళాను. తలుపు తోస్తే తను చెవులకు హెడ్‌సెట్‌తో, స్క్రీన్ మీద నలుగురి ముఖాలతో ఉన్నాడు. నన్ను చూసి, ఒక్క నిమిషం అన్నట్టు వేలెత్తి చూపించాడు. కిటికీ అవతల మంచు చిక్కబడుతోంది. ఆ రాత్రి మోటెల్ కిటికీ దగ్గర నిలబడినట్టే నేను గుమ్మంలో నిలబడ్డాను.