కడగని చేతులతో వేసిన ఆకు

పురుగుకు తగినంత ఆకూ, మనిషికి తగినంత అన్నమూ ముందే ఏర్పరచి, ఎక్కడ చాలించుకోవాలో మాత్రం మనిషి మనసుకే వదిలిపెట్టిన ఆ శ్రీమన్నారాయణునికి ముందుగా నా నమస్కారం. ఆయన దయ లేకపోతే ఈ నాలుగు మాటలు రాయాలన్న తలంపు కూడా నాకు కలిగేది కాదు.

మొన్న శనివారం మా మారికుప్పం భజన మందిరంలో తాళాలు వాయించే పిల్లవాడు స్తంభానికి ఆనుకొని నిద్రపోయాడు. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయివచ్చే ఉద్యోగం అతనిది. ఇంటిస్థలం కొనాలని ఆదివారాలు కూడా ఇంకొక చోట పని ఒప్పుకున్నాడట. పక్కనున్న అతని భార్య చప్పుడు కాకుండా ఆ తాళాలను అతని వేళ్ళలోంచి తీసుకొని, పాట తప్పకుండా తానే వాయించసాగింది. మాలో ఒకాయన అతన్ని లేపబోతే నా భార్య చెయ్యి అడ్డం పెట్టి, "లేపొద్దప్పా, నిద్రబోనీ. దేవుడేమీ అనుకోడులే," అన్నది. ఆ మాట వినగానే నా మనసు మా సొంతూరు బైరకూరులోని మా పట్టుపురుగుల ఇంటికి పోయింది.

ఇక్కడి బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన కొన్నేళ్ళకు నేను భూగర్భంలో పనికి చేరాను. నా భార్యా, మా పాపా బైరకూరులో మా అమ్మ దగ్గర ఉండేవారు; మల్బరీ తోట మాది, పట్టుపురుగులను సాకేది నా భార్య. వారానికొకసారి బస్సెక్కి పోయి ఒక పూట ఉండి వచ్చేవాణ్ణి. నన్ను చూడగానే మా పాప, "నాయనా, నువ్వు ఏ బస్సుకు పోతావు?" అని అడిగేది. దిగులుతో కాదు, తెలుసుకుందామని అడిగేది, అంతే. గని వాళ్ళు నాకు కార్మికుల లైన్లలో ఇల్లు ఇచ్చిన నాడే నా భార్య ట్రంకుపెట్టె సర్దింది. నేను ఒక్క పట్టు పంట ఆగమన్నాను. అది అయ్యాక ఇంకొక పంట అన్నాను. తోట పక్కనున్న మడి కూడా కొనేస్తే అందరమూ ఒకచోట నిశ్చింతగా ఉండవచ్చునని నా ఆలోచన. ఇంటి తాళంచెవి నా దగ్గరా, సర్దిన పెట్టె ఆమె దగ్గరా, అట్లాగే నాలుగేళ్ళు గడిచాయి. ఓవర్ టైము కోసం నేను శనివారం భజన కూడా మానుకున్నాను.

ఆఖరు పంటకు, ఇది అయ్యాక తప్పకుండా తీసుకుపోతానని ఒట్టుపెట్టి, రెండింతల గుడ్లు తెప్పించాను. "మన చేతులకు అయ్యేంతే సాకుదామయ్యా," అని ఆమె చెప్పి చూసింది. నేను వినలేదు.

పురుగులు నాలుగోసారి చర్మం విడిచి, వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ ఆకు తినే రోజుల్లో సెలవు పెట్టి వచ్చాను. గనిలో బీడీ కాల్చరాదు కనుక మాలో చాలామందికి పొగాకు నమలడం అలవాటు. బస్సులో కూడా అరచేతిలో సున్నంతో నలిపి నోట వేసుకొనే వచ్చాను. పురుగుల ఇంటి గడప దగ్గర ఆమె ఎప్పుడూ ఒక కుండలో నీళ్ళు పెట్టి ఉంచేది. చేతులూ కాళ్ళూ కడుక్కోనిదే కన్నతల్లిని కూడా లోపలికి రానిచ్చేది కాదు. ఆ పూట ఆమె ఆకు కోయడానికి తోటకు పోయి ఉంది. తిరిగివచ్చేలోగా మేత వేసి ఆమె అలుపు తీర్చాలన్న తొందరలో కుండ వైపు చూడకుండా లోపలికి పోయి, ముందుగదిలో తట్టలన్నింటికీ నా చేతులతో ఆకు పరిచాను.

సాయంకాలానికి పురుగులు తలలెత్తి, పచ్చగా కక్కి, ఒక్కొక్కటే కదలిక మానుకున్నాయి. వానచప్పుడు ఆగిపోయింది. ఆమె ఒక ఆకు తీసి వాసన చూసింది, తరువాత నా అరచెయ్యి పట్టుకొని వాసన చూసింది. పొగాకు అంటిన ఆకు పట్టుపురుగుకు విషం.

"చేతులు కడుక్కోలేదా?"

"మరిచిపోయినాను."

ఆమె చచ్చిన పురుగులను గంపకెత్తుకొని ఎరువుదిబ్బకు పోయింది.

లోపలిగది తట్టలు నేను ముట్టలేదు కనుక మిగిలాయి. రెండు రోజులకు ఆ పురుగులు మేత మానుకొని, ఒళ్ళు తేనెరంగు తిరిగాయి. చేతులు మూడుసార్లు కడిగించి, వాసన చూసి, అప్పుడు నన్ను పక్కన కూర్చోనిచ్చింది. పండిన పురుగులను ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రికల మీద, అంటే వెదురు తడికల మీద, వదులుతున్నాము. భజనలో పురాణం చెప్పే పెద్దాయన, ఆశపడ్డ జీవుడు పట్టుపురుగులాగా తాను కట్టుకున్న ఇంట్లో తానే చిక్కుకుంటాడని చెప్పేవాడు. అదే మాట ఆమెతో అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే, "అది నాకు తెలీదు కానీ, ఈ పురుగుకు ఎంత ఆకు చాలునో తెలిసిండాది. చాలించుకొని ఇల్లు కట్టుకుంటాండాది. నీకు యాడుండాది ఆ బుద్ధి? ఇంగెన్ని పంటలు తినల్లయ్యా నువ్వు?" అన్నది.

గూళ్ళు సంతకు వేసిన మరునాడే ముగ్గురమూ బస్సెక్కాము. ట్రంకుపెట్టె మీద కూర్చొని మా పాప, "వెనక్కి ఏ బస్సుకొస్తాము?" అని అడిగింది. నేను దాన్ని ఒడిలోకి తీసుకున్నాను.

ఆ మడి వేరొకరు కొన్నారు. ఆ దారిన పోయినప్పుడల్లా ఇప్పటికీ ఒకసారి తిరిగి చూస్తాను, అబద్ధమెందుకు. కానీ నేను నిజంగా పోగొట్టుకున్నది ఆ మడి కాదు, మా పాప నన్ను చుట్టంలాగా చూసిన ఆ నాలుగేళ్ళు. అప్పట్లో గని సైరను కూత వేస్తే పని అయిపోయిందని ఊరంతటికీ తెలిసేది, ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. గనులు మూతపడ్డాయి. ఇక చాలు, ఇంటికి పో అని ఈనాటి పిల్లలకు చెప్పే కూత ఏదీ లేదు.

మొన్న ప్రసాదం పంచేటప్పుడు నా భార్య, పొగాకు మానేసి ఇన్నేళ్ళయినా, అలవాటుగా నా అరచెయ్యి తిప్పి చూసి, అప్పుడే అందులో ప్రసాదం పెట్టింది. ఆ పిల్లవాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. చదువుతున్న పెద్దలారా, ఆ ఇద్దరి కోసం నాతో పాటు ఒక్కసారి చేతులు జోడించండి: స్వామీ, వాళ్ళు కోరుకున్న ఇల్లు వాళ్ళకు ఇవ్వు; అందులో ఇద్దరూ కలిసి ఉండే పొద్దును మాత్రం ముందే ఇవ్వు.