నా శిల్పాలకు పరామర్శ

ఆ రోజుల్లో, ఎదుటివాడికి అర్థం కాకపోతేనే కళ అని నాకో గట్టి నమ్మకం ఉండేది. (నాకూ అర్థమయ్యేది కాదు కనుక నేను మరీ గొప్ప కళాకారుణ్ణి.) శిల్పకళలో డిగ్రీ పుచ్చుకుని వచ్చిన ఏడాది ఆ తెలివితక్కువతనంతోనే పలాసలో ఖాళీగా పడున్న ఒక జీడిపప్పు గోడౌనుకు సున్నం వేయించి, దానికి గ్యాలరీ అని పేరు పెట్టి, ‘అర్థం లేని కళ’ అంటూ ఏకవ్యక్తి ప్రదర్శన తెరిచాను. సిమెంటు తలగడ, దిగడానికే తప్ప ఎక్కడానికి పనికిరాని నిచ్చెన, కళ్ళజోడు పెట్టుకున్న మనిషెత్తు జీడిగింజ. నాన్న అన్నీ ఓపికగా చూసి, "ఇది ముగిసీలోగా ఒక్క మనిషి బాగుందంటే నీ దారి నీది. నేదా, జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా సేరిపో" అన్నాడు.

మొదటిరోజు సోంపేట నుంచి అమ్మ అన్నగారు, మా పెద్దమావ వచ్చాడు. సిమెంటు తలగడను నొక్కి చూశాడు. తర్వాత నా నుదురు పట్టి చూశాడు. తిన్నగా బస్సెక్కి వెళ్ళిపోయి, చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు.

మర్నాటి నుంచి జనమే జనం. నా ఛాతీ పొంగింది గానీ, ప్రతివాళ్ళ చేతిలోనూ బ్రెడ్డు, బత్తాయిలు ఎందుకున్నాయో తట్టలేదు. అందరూ చెప్పులు బయట విడిచి, శిల్పాలను భయంభయంగా చూసి, నాన్న పక్కన కూర్చుని గొంతు తగ్గించేవారు, అచ్చం జబ్బుమనిషి ఇంటికి వచ్చినట్టు.

"ఎప్పట్నుంచి అన్నయ్యా ఇలాగ?" అంది టెక్కలి అత్త.

"డిగ్రీ అయిన కాడ్నుంచమ్మా."

"తిండి తింతన్నాడా?"

"దానికేటి లోటు నేదు."

"మా తోటికోడలు కొడుక్కీ ఇలాగే ఒచ్చినాది. పెళ్ళి సేత్తే తగ్గిపోనాది."

జలంత్రకోట బాబాయి జీడిగింజ దగ్గర చాలాసేపు నిలబడితే నాకు ఆశ పుట్టి, ఎలా ఉందని అడిగాను. "ధైర్నంగా ఉండు నాయనా" అన్నాడు. బాగుందన్నవాడు ఒక్కడూ లేడు. బాగవుతుందన్నవాళ్ళే అందరూ.

ప్రదర్శన ఆఖరి రోజు మధ్యాహ్నం, జబ్బు ఎంతవరకు తగ్గిందో చూద్దామని పెద్దమావ మళ్ళీ వచ్చాడు. బత్తాయిల సంచి ఒళ్ళో పెట్టుకుని, గోడవార కుర్చీలో కూర్చుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక అట్టముక్క మీద ‘పరామర్శ. సిమెంటు, బత్తాయిలు. దయచేసి ముట్టుకోవద్దు’ అని రాసి ఆయన కాళ్ళ దగ్గర నిలబెట్టాను.

అంతలో రైలు ఆలస్యమై కాలక్షేపానికి వచ్చిన ఎవరో పెద్దమనిషి లోపలికి అడుగుపెట్టాడు. నిచ్చెన దాటాడు, తలగడ దాటాడు, మావ ముందు ఆగాడు. అట్టముక్క చదివి, వంగి చూశాడు. మావ గురక పెట్టాడు.

"ఇది చాలా బాగుందండీ. ప్రాణం ఉన్నట్టే ఉంది. గురక కూడా పెట్టించారు."

గుమ్మంలో ఉన్న నాన్న విన్నాడు. ఆయన ఆడినమాట తప్పే మనిషి కాదు. పెద్దమనిషి రైలుకు వెళ్ళిపోయాక, "సర్లే, నీ దారి నీది. ముందు మీ మావని లేపు, అమ్ముడైపోగల్డు" అన్నాడు.

తర్వాత చాలానే చేశాను, మెచ్చుకున్నవారూ ఉన్నారు. ప్రాణం ఉన్నట్టుందని మాత్రం మళ్ళీ ఎవరూ అనలేదు. పెద్దమావ ఇప్పటికీ కనిపించినప్పుడల్లా నా నుదురు పట్టి చూసి, "తగ్గినాదేట్రా?" అంటాడు. "నేదు మావా, నీ సలవే" అంటాను. ఆ అట్టముక్క ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన మా ఇంట్లో కునుకు తీసినప్పుడల్లా, చప్పుడు కాకుండా తెచ్చి, కాళ్ళ దగ్గర పెడుతుంటాను.